గానెట్ గెలిచింది, బ్లాక్‌బర్న్ ఓడింది: తేడా ఎక్కడొచ్చింది?

బీచ్‌రోడ్డు బాబు:
ఆదివారం మా అక్క కొడుకుని తీసుకుని ఆర్కే బీచ్‌కి వెళ్ళా. ముందు కురుసుర సబ్‌మెరైన్ చూపించా. లోపల తల ఎక్కడా కొట్టుకోకుండా బయటపడింది వాడొక్కడే, పదకొండేళ్ళవాడు కాబట్టి. తర్వాత రోడ్డు దాటి, సబ్‌మెరైన్లని వేటాడే టీయూ-142 విమానం కింద నిలబడ్డాం. వాడు రెండు ప్రశ్నలు వేశాడు. ఒక్కో ఇంజన్‌కి రెండేసి ఫ్యాన్లు ఎందుకు మామయ్యా? ఇంత పెద్దది విక్రాంత్ మీద దిగుతుందా?

రెండోదానికి నవ్వేసి ఊరుకున్నా. రెక్కల పొడవే 50 మీటర్లు, అది దిగితే ఓడకి దండం పెట్టుకోవడమే. ఇంటికొచ్చాక మాత్రం అదే బుర్రలో తిరిగింది. రాడార్, సోనోబాయ్‌లు (నీళ్ళలోకి వదిలి సబ్‌మెరైన్ చప్పుడు వినే డబ్బాలు), టార్పెడో, మనుషులు, ఇదంతా ఓడ మీద దిగే బుల్లి విమానంలో ఎలా కుక్కారు?

వెతుకుతూ వెళ్తే బ్రిటన్‌లో జరిగిన ఒక పోటీ తగిలింది. ఓడ మీంచి లేచి సబ్‌మెరైన్లని వేటాడే విమానం కావాలని 1945లో వాళ్ళ నేవీ కోసం రాసిన జి.ఆర్.17/45 అనే స్పెసిఫికేషన్. ఫెయిరీ కంపెనీ నమూనా, అంటే తర్వాత గానెట్ అయినది, 1949 సెప్టెంబరు 19న మొదటిసారి ఎగిరింది. బ్లాక్‌బర్న్ కంపెనీ వై.ఎ.7 సెప్టెంబరు 20న ఎగిరింది. ఒక్క రోజు తేడా! ఫొటోలు పక్కపక్కన పెడితే కవలల్లా ఉన్నాయి. ఒకటేమో మూడు వందలకు పైగా తయారైంది. రెండోది మూడు నమూనాలతో ఆగిపోయింది. ఎందుకో తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతరెక్కలు:
మంచి దారం మొదలుపెట్టారు బాబు గారూ.

కవలల్లా ఉండటంలో వింతేం లేదు, కొలతలిచ్చిన దర్జీ ఒకడే. హ్యాంగర్ ఎత్తు ఇంత, లిఫ్ట్ ఇంత, డెక్ మీద దిగే వేగం ఇంతకు మించకూడదు, టార్పెడో కడుపులోనే పట్టాలి, పైలట్‌కి ముందు చూపు బాగా ఉండాలి. ఇవన్నీ పెట్టాక గీసేవాడి చేతిలో మిగిలేది కొంచెమే. అందుకే రెండిటికీ లావు పొట్ట, పొట్ట వెనక భాగంలో కిందికి దిగే రాడార్ డబ్బా, ముక్కు దగ్గర ఎత్తులో కూర్చున్న పైలట్.

ఆ స్పెసిఫికేషన్ వెనక భయం ఏమిటో కూడా చెప్పాలి. యుద్ధం చివర్లో జర్మనీ టైప్ 21 సబ్‌మెరైన్లు తెచ్చింది. పెద్ద బ్యాటరీలు, నీటిపైకి గొట్టం ఒక్కటి పెట్టి గాలి పీల్చుకునే స్నార్కెల్. అంతకుముందు సబ్‌మెరైన్ పైకి తేలినప్పుడు పట్టుకోవడం అలవాటు. ఇప్పుడది పైకే రాదు. అలల మధ్య బకెట్ అంత గొట్టాన్ని రాడార్‌తో వెతకాలి. అంటే గంటల తరబడి నెమ్మదిగా, కిందుగా తిరగాలి. ఈ "గంటల తరబడి" అన్న మాటే మొత్తం పోటీని నడిపించింది.

కరీంనగర్ కెప్టెన్:
అన్నా, ఇంత కథ ఎందుకు? ఫెయిరీ వాళ్ళకు నేవీలో పాత పలుకుబడి. వాళ్ళ స్వోర్డ్‌ఫిష్ విమానం కాలం నుంచి వాళ్ళదే రాజ్యం. ఇద్దరిదీ ఒకటే డిజైన్ అయినప్పుడు తెలిసినవాడికే ఆర్డర్ ఇస్తరు. మన దగ్గర కాంట్రాక్టులు చూస్తలేమా?

పాతరెక్కలు:
కెప్టెన్, బ్లాక్‌బర్న్ కూడా నేవీకి కొత్త కాదు. స్కువా, ఫైర్‌బ్రాండ్ వాళ్ళవే. పలుకుబడి లెక్క పక్కన పెట్టు, ఇంజన్ల లెక్క చూడు.

అప్పుడే టర్బోప్రాప్‌లు, అంటే ప్రొపెల్లర్ తిప్పే జెట్ తరహా ఇంజన్లు, పుడుతున్నాయి. ఫెయిరీ మొదట రోల్స్ రాయిస్ వాళ్ళ ట్వీడ్ అనే ఇంజన్ గురించి ఆలోచించి వదిలేసింది. తర్వాత ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ వాళ్ళ మాంబా ఇంజన్లు రెండు పక్కపక్కన కట్టి ఒక్క ముక్కులో పెట్టారు. దాని పేరే డబుల్ మాంబా. బ్లాక్‌బర్న్ నేపియర్ కంపెనీ నాయడ్ ఇంజన్‌ని నమ్ముకుంది. ఆ ఇంజన్ మధ్యలోనే రద్దయింది. పెళ్ళికొడుకు రాలేదని పెళ్ళి ఆపలేక పక్కూరి బావని పీటల మీద కూర్చోబెట్టినట్టు, పాత పిస్టన్ ఇంజన్ గ్రిఫాన్ బిగించి ఎగరేశారు. బాబు గారు చెప్పిన సెప్టెంబరు 20 విమానం అదే. కవల అన్నారుగానీ, గుండె వేరు.

సిగ్నల్ సుబ్బు:
"పక్కూరి బావ" 😂 గ్రిఫాన్ చూస్తే ఏడుస్తుంది పాపం.

మడతమంచం:
ఒక సందేహం. టీయూ-142కీ గానెట్‌కీ రెండిటికీ ఎదురెదురుగా తిరిగే జంట ప్రొపెల్లర్లే కదా. మరి రెండూ ఒకటే పద్ధతా?

పాతరెక్కలు:
బయటికి ఒకటే, లోపల కాదు. టీయూ-142లో ఒక్కో ఇంజన్ గేర్‌బాక్స్ ద్వారా తన రెండు ప్రొపెల్లర్లనీ తిప్పుతుంది. ఒక్క ప్రొపెల్లర్‌తో అంత బలాన్ని వాడాలంటే ఫ్యాన్ రెక్క చాలా పొడుగు కావాలి, అందుకే రెండు. గానెట్‌లో ముందున్నది ఒక మాంబాది, వెనకున్నది రెండో మాంబాది. ఎవరి ఫ్యాన్ వాళ్ళదే.

దీనివల్ల ఏమవుతుందంటే, డెక్ మీంచి లేచేటప్పుడు రెండూ నడుపుతాడు. గస్తీ చోటికి చేరాక ఒకటి ఆపేస్తాడు. ఇంధనం మిగులుతుంది, గాల్లో ఎక్కువసేపు ఉంటాడు. రెండూ ముక్కు మధ్యలోనే ఉన్నాయి కాబట్టి ఒకటి ఆగినా విమానం పక్కకి లాగదు. రెండు ఇంజన్ల భద్రత, ఒక ఇంజన్ నడత.

ఇంకోటి. గ్రిఫాన్ లాంటి పిస్టన్ ఇంజన్‌కి హై ఆక్టేన్ పెట్రోల్ కావాలి. ఓడలో అది టన్నుల కొద్దీ దాచడమంటే బాంబు పక్కన పడుకోవడమే. డబుల్ మాంబా కిరోసిన్ తాగుతుంది, డీజిల్ పోసినా నడుస్తుంది. ఓడల్లోంచి ఆ పెట్రోల్‌ని మొత్తం తీసెయ్యాలన్నది బ్రిటిష్ నేవీ కోరిక. గ్రిఫాన్ బ్లాక్‌బర్న్ ఎంత బాగా ఎగిరినా అక్కడ మార్కులు పోయాయి.

కరీంనగర్ కెప్టెన్:
సరే ఒప్పుకున్నా. కానీ మీరు ఒకటి దాచిపెడుతున్నరు. బ్లాక్‌బర్న్ వాళ్ళు తర్వాత అదే డబుల్ మాంబా పెట్టి వై.బి.1 చేసిన్రు కదా? అప్పుడు గుండె కూడా ఒకటే అయింది. అప్పుడెందుకు తీసుకోలే?

ఇంకా ఉంది. నేవీ మధ్యలో మాట మార్చి మూడో మనిషి కావాలన్నది. బ్లాక్‌బర్న్ మూడు సీట్ల వై.ఎ.8ని 1950 మే నెలలో ఎగరేసింది. గానెట్ మూడు సీట్లది 1951 మే దాకా రాలే. ఏడాది లేటు! అయినా వాళ్ళే గెలిచిన్రు. దీనికేమంటరు?

పాతరెక్కలు:
దాచలేదు తమ్ముడూ, నీ కోసమే అట్టిపెట్టా. 😀 మూడు సీట్ల పాయింట్ నిజం, బ్లాక్‌బర్న్ తరఫున ఇంతకంటే బలమైన మాట లేదు.

ఇప్పుడు తేదీలు చూడు. గానెట్ నమూనా 1949 నవంబరులో దిగుతూ దెబ్బతింది, కొన్ని నెలలు మూలపడింది. బ్లాక్‌బర్న్‌కి దేవుడిచ్చిన అవకాశం. కానీ అప్పటికి వాళ్ళ చేతిలో ఉన్నది గ్రిఫాన్ విమానమే. గానెట్ బాగై వచ్చి 1950 జూన్ 19న ఇలస్ట్రియస్ నౌక మీద దిగింది. టర్బోప్రాప్ విమానం ఓడ మీద దిగడం ప్రపంచంలో అదే మొదటిసారి. వై.బి.1 తొలిసారి నేల మీంచి లేచింది జులై 19న. సరిగ్గా నెల.

ఆ నెలలో ఏం జరిగిందో గుర్తుందా? జూన్ 25న కొరియా యుద్ధం మొదలైంది. సోవియట్ సబ్‌మెరైన్లు అట్లాంటిక్‌లోకి వస్తాయేమోనని లండన్‌లో టెన్షన్. అలాంటప్పుడు ఓడ మీద దిగి చూపించినవాడిని వదిలి, ఇంకా మొదటి పరీక్షల్లో ఉన్నవాడి కోసం ఎవరు ఆగుతారు? వై.బి.1 మంచి విమానమనే నా అభిప్రాయం. సీటు దొరికే రైలు తప్పిపోయింది, అంతే. దాన్ని తర్వాత ఇంజన్ పరీక్షలకి వాడుకున్నారు.

సిగ్నల్ సుబ్బు:
ఈ పోటీలో షార్ట్ కంపెనీ స్టర్జన్‌ని ఎవరూ తలవలేదేంటి? అందాల పోటీ పెడితే చివరినుంచి ఫస్ట్.

ఎస్.బి.3 అని. అప్పటికే ఉన్న స్టర్జన్ అనే జంట ఇంజన్ విమానాన్ని, గానెట్ వచ్చేలోపు పని గడుస్తుందని మార్చారు. ముక్కు కోసేసి ఇద్దరు రాడార్ ఆపరేటర్లు పట్టేలా గుమ్మడికాయంత కొత్త ముక్కు పెట్టారు. రెండు రెక్కల మీద రెండు మాంబాలు, పొగ గొట్టాలు కిందికి వంచారు. 1950 ఆగస్టులో ఎగిరింది. ఆ గొట్టాల గాలి కిందికి కొట్టడంతో నిలకడ పోయింది. ఒక ఇంజన్ ఆపితే ఏ ట్రిమ్ (విమానాన్ని తిన్నగా ఉంచే సర్దుబాటు) పెట్టినా విమానం తిన్నగా ఉండదు. గస్తీ విమానం ఒక ఇంజన్ ఆపి తిరగలేకపోతే ఇంకెందుకు? రద్దు చేశారు.

పాతరెక్కలు:
శభాష్ సుబ్బు. గానెట్ కుడిచేత్తో రాసిన లెక్కనే వీళ్ళు ఎడంచేత్తో రాశారు. అవే మాంబాలు, అవే రెండు, పెట్టిన చోటు వేరు.

మడతమంచం:
నా హ్యాండిల్‌కి న్యాయం చేస్తూ ఒక మాట. గానెట్ రెక్క ఒక్కోవైపు రెండు చోట్ల మడత పడుతుంది, ఇంగ్లీషు జెడ్ అక్షరంలా. ఒక్కచోటే మడిచి పైకెత్తితే హ్యాంగర్ కప్పు తగులుతుంది. అందుకే పైకి లేచిన ముక్క మళ్ళీ కిందికి వాలుతుంది. వీడియో చూడండి, ఎండలో ఆరేసిన గొడుగుని మూసినట్టుంటుంది.

డెక్కు తాతయ్య:
పిల్లలూ, చాలా రోజులకి ఇటొచ్చాను. గానెట్ నేను చూడలేదు. మన నేవీ వాడిన ఫ్రెంచి సబ్‌మెరైన్ వేట విమానాలు అలిజేలతో మాత్రం నాకు చాలా ఏళ్ళ చాకిరీ ఉంది, 310 స్క్వాడ్రన్‌లో ఎలక్ట్రికల్ పని. గోవాలో హంస బేస్, అక్కడినుంచి విక్రాంత్. పాత విక్రాంత్ సుమా.

మీరు డిజైన్ల పోటీ అంటున్నారు కాబట్టి అలిజే పుట్టుక చెప్తాను. ఫ్రాన్స్‌లో బ్రెగే కంపెనీ మొదట వల్తూర్ అని దాడి విమానం చేసింది. ముక్కులో మాంబా టర్బోప్రాప్, తోకవైపు ఒక నీన్ జెట్. నెమ్మదిగా తిరగాలంటే ముందుది, దూకాలంటే వెనకది. 1951లో ఎగిరింది. రెండు పడవల మీద కాళ్ళన్నమాట. తర్వాత నేవీకి కావాల్సింది సబ్‌మెరైన్ వేట అయ్యేసరికి వెనక జెట్ పీకేసి, ఆ ఖాళీలో కిందికి దిగే రాడార్ పెట్టారు. ముక్కులోకి రోల్స్ రాయిస్ డార్ట్ వచ్చింది. 1956 అక్టోబరులో అలిజే అయింది. కొత్తగా గీసిన బొమ్మ కాదు, ఉన్న ఇంట్లో గోడ కొట్టి గది మార్చడం. నా మటుకు అదే తెలివైన పని.

నాకు బాగా గుర్తుండేది రెక్క ముందున్న బుడిపెలు. చక్రాలు వెనక్కి మడుచుకునే చోటు అది. ముందు భాగం ఖాళీగా పోనివ్వకుండా సోనోబాయ్‌లు నింపేవారు. ఒక్క జానెడు చోటు వృథా లేదు. వాటి దగ్గర వైరింగ్ చూడాలంటే డెక్ మీద బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి దూర్చి, కంటితో కాకుండా వేళ్ళతో చదవాలి. మధ్యాహ్నం డెక్ ఇనుము దోసె పెనం. కింద గోనెసంచి వేసుకునేవాళ్ళం. పైగా సముద్రం మీద ఉప్పు. సాయంత్రం మంచినీళ్ళతో కడగకపోతే మర్నాటికి కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి పూత వచ్చేసేది. ఆ పూత గీకడానికి మా దగ్గర సామాను వచ్చేలోపు పెన్సిల్ రబ్బరుతో రుద్దిన రోజులున్నాయి.

బీచ్‌రోడ్డు బాబు:
తాతయ్య గారూ, ఇది చదివి రెండుసార్లు మళ్ళీ చదివాను. పెన్సిల్ రబ్బరు!
అలిజేలు ఎందుకు ఆగిపోయాయి? పాతబడా?

డెక్కు తాతయ్య:
పాతబడ్డాయి, నిజమే. కానీ ఓడ మీంచి దిగిపోవడానికి కారణం వేరు. అలిజేని ముందుకు విసరడానికి ఆవిరి కేటపుల్ట్ కావాలి. 1987లో విక్రాంత్‌ని మరమ్మతుకి పెట్టి, కేటపుల్ట్ తీసేసి, సీ హారియర్ల కోసం ముందు భాగాన్ని పైకి వంచారు. ఆ ఏడాదితో అలిజేకి ఓడ బంధం తెగింది. తర్వాత కొన్నేళ్ళు నేల మీంచి ఎగిరాయి. ఫ్రాన్స్‌వాళ్ళు మాత్రం 2000 దాకా వాడుకున్నారు.

1971లో తూర్పున విక్రాంత్ మీంచి చిట్టగాంగ్, కాక్స్ బజార్ వైపు దాడులకి వెళ్ళింది సీ హాక్‌లూ ఈ అలిజేలే. నేను అప్పటికి చేరలేదు, మా సీనియర్లు చెప్పుకునేవారు. ఆ యుద్ధంలోనే విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ సంగతి విశాఖవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

డాలస్ వెంకీ:
అందరికీ నమస్కారం. అమెరికా పోటీ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను అందుకుంటా. నేనుండే చోటుకి దగ్గర్లోని గ్రాండ్ ప్రెయిరీలోనే ఎల్.టి.వి. కంపెనీ ఉండేది, అందుకని కొంచెం ఊరి అభిమానం.

1960ల్లో అమెరికా నేవీకి గ్రమ్మన్ కంపెనీ చేసిన ట్రాకర్ అనే సబ్‌మెరైన్ వేట విమానం ఉంది. అంతకుముందు గార్డియన్ అనే విమానాలు జంటగా వెళ్ళేవి, ఒకటి వెతకడానికి, ఒకటి కొట్టడానికి. ట్రాకర్ రెండు పనులూ ఒక్కటే చేసేది. కానీ పిస్టన్ ఇంజన్లు, నెమ్మది. సోవియట్ అణు సబ్‌మెరైన్లు దాన్ని దాటిపోయాయి. కొత్తదానికి వి.ఎస్.ఎక్స్. అని పేరు పెట్టి పోటీ పిలిచారు. 1968 ఆగస్టుకి రెండు జట్లు మిగిలాయి: కాన్వేర్‌తో గ్రమ్మన్, ఎల్.టి.వి.తో లాక్‌హీడ్.

కాగితం మీద గ్రమ్మన్ గెలవాలి. ట్రాకర్ వాళ్ళదే, ఓడ విమానాలంటే వాళ్ళే. లాక్‌హీడ్ బలం సబ్‌మెరైన్ వేట (నెప్ట్యూన్, ఒరాయన్ రెండూ వాళ్ళవి), ఓడ విమానాల అలవాటు తక్కువ. అందుకే రెక్కలు, తోక, చక్రాల పని ఎల్.టి.వి.కి ఇచ్చింది. వాళ్ళు తమ క్రూసేడర్, కోర్సేర్ విమానాల ల్యాండింగ్ గేర్‌నే మార్చి పెట్టారు. కంప్యూటర్ యూనివాక్ వాళ్ళది. 1969 ఆగస్టులో లాక్‌హీడ్‌కి కాంట్రాక్ట్, 1972 జనవరి 21న మొదటి ఎగురు, 1974లో సేవలోకి. అదే ఎస్-3 వైకింగ్.

కరీంనగర్ కెప్టెన్:
వెంకీ అన్నా, అంటే ఇక్కడ ఇంజన్ కాదు, కంప్యూటర్ గెలిపించిందంటరా?

డాలస్ వెంకీ:
నా లెక్క అదే కెప్టెన్. నీళ్ళలోకి వదిలే సోనోబాయ్‌ల గొట్టాలే దానికి 60. అన్ని డబ్బాలూ ఒకేసారి వినిపిస్తుంటే ఏది రొయ్యల చప్పుడు, ఏది సబ్‌మెరైన్ ప్రొపెల్లర్ అని నలుగురు మనుషులు చెవులతో తేల్చలేరు. ఒరాయన్‌లో పది మందికి పైగా చేసే పనిని నలుగురికి కుదించాలంటే మధ్యలో మెషిన్ ఉండాల్సిందే.

ఇంజన్ కూడా తీసిపారెయ్యలేం. టి.ఎఫ్.34 టర్బోఫ్యాన్, ఎ-10 విమానంలోనూ ఆ కుటుంబందే. తక్కువ ఇంధనంతో ఎక్కువసేపు. చప్పుడు వ్యాక్యూమ్ క్లీనర్‌లా ఉంటుందని సెయిలర్లు దానికి హూవర్ అని పేరు పెట్టారు.

బరువు చూస్తే తాతయ్య గారి అలిజే నిండా నింపినా 8 టన్నుల పైచిలుకు. వైకింగ్ 24 టన్నులకి దగ్గర. మడతమంచం కోసం: దీని రెక్కలు ఒకదాని వెనక ఒకటి వాలతాయి, తోక కూడా పక్కకి మడత.

మడతమంచం:
తోక కూడానా! నాకు పండగే.

ఏకలవ్య_హైద్:
ఇవన్నీ సరే, మన కొత్త విక్రాంత్ మీద వైకింగ్ లాంటిది ఎందుకు లేదు? 2022లో వచ్చిన ఓడకి కూడా హెలికాప్టర్లేనా? ఇది ఎవరి చేతకానితనం?

వేదిక నిర్వాహకుడు:
ఏకలవ్య గారూ, ప్రశ్న మంచిదే, చివరి వాక్యం వద్దు. డిజైన్ల మీదే ఉందాం.

పాతరెక్కలు:
జవాబు తాతయ్య గారు ముందే చెప్పేశారు: కేటపుల్ట్. కొత్త విక్రాంత్‌కీ అది లేదు. వంపు డెక్ మీంచి సొంత బలంతో లేవాలంటే ఇంజన్‌కి బరువుకి తగ్గ తోపు (థ్రస్ట్) కావాలి. గస్తీ విమానం గుణమే దానికి వ్యతిరేకం, తక్కువ తోపు, ఎక్కువ ఇంధనం. మిగ్-29కె లేస్తుంది, వైకింగ్ లేవదు. దూరం పనికి నేల మీంచి, అరక్కోణం నుంచి, పీ-8ఐ గస్తీ విమానాలున్నాయి, దగ్గరి పనికి ఎం.హెచ్-60ఆర్ హెలికాప్టర్లు.

హెలికాప్టర్ని తక్కువగా చూడకండి. గానెట్‌ని వేట నుంచి తప్పించింది అదే. తాడుకి కట్టిన సోనార్‌ని నీళ్ళలో ముంచి వినగలదు, అది ఏ రెక్కల విమానమూ చెయ్యలేదు. 1950ల చివరికే బ్రిటన్‌లో ఆ పని వర్ల్‌విండ్ హెలికాప్టర్లకి పోయింది. గానెట్ మాత్రం పొట్ట కింద పెద్ద రాడార్ తగిలించుకుని, ఆకాశం కాపలా వేషంలో 1978 దాకా బతికింది. వైకింగ్‌కీ అదే రాత. 1990ల చివర్లో వేట సామాను తీసేశారు. ఆఖరి రోజుల్లో ఎక్కువగా తోటి విమానాలకి ఇంధనం పోస్తూ 2009లో ఓడలు దిగింది.

సిగ్నల్ సుబ్బు:
పులిని వేటాడటానికి పెంచిన కుక్క చివరికి పాలపాకెట్లు తెచ్చినట్టు.

కరీంనగర్ కెప్టెన్:
నేను ఓడిపోయినట్టు కాదు గానీ, పలుకుబడి మాట వెనక్కి తీసుకుంటున్నా. మూడు సీట్ల మాట తీసుకోను. బ్లాక్‌బర్న్ వాళ్ళకు నాయడ్ ఇంజన్ రద్దు కాకపోయుంటే కథ వేరే ఉండేది.

పాతరెక్కలు:
ఉండేదేమో. దాన్ని నేనూ కాదనను.

బీచ్‌రోడ్డు బాబు:
మొత్తం మా వాడికి చదివి వినిపించా. జంట ఫ్యాన్ల కథ బాగా నచ్చింది. కానీ ఇంకో ప్రశ్న పుట్టింది. గానెట్ గాల్లో ఒక ఇంజన్ ఆపేస్తే, ఆగిన ఫ్యాన్ గాలికి అడ్డం పడదా? నాకు తెలియలేదు.

డెక్కు తాతయ్య:
బుద్ధిమంతుడు. ఆగిన ఫ్యాన్ రెక్కల్ని గాలికి అంచు చూపించేలా తిప్పేస్తారు బాబూ, ఫెదరింగ్ అంటారు. వాడికి మాటలతో చెప్పకు. టేబుల్ ఫ్యాన్ పెట్టి, ఎదురుగా స్కేలు పట్టుకోమను. ముందు వెడల్పు వైపు, తర్వాత అంచు వైపు. చెయ్యే చెప్తుంది.

బీచ్‌రోడ్డు బాబు:
చేశాం తాతయ్య గారూ. వెడల్పు వైపు పెట్టినప్పుడు స్కేలు చేతిలోంచి జారి మా అక్క కాఫీ కప్పులో పడింది. అంచు వైపు పరీక్ష రేపటికి వాయిదా.